మంట కనపడాలి

మన దేశం ఇకమీదట నీళ్ళతో నడుస్తుందని ఇంధన శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు వేదిక ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీస్తున్నది నేనే. సమాచార శాఖలో ఫొటోగ్రాఫర్ని. పెద్దవాళ్ళని కిందనుంచి పైకి చూడటం నా వృత్తిధర్మం.

మంత్రిగారు మంచినీళ్ళ సీసా ఒకటి పైకెత్తి పట్టుకున్నారు.

"ఇందులో ఏముంది?"

"నీళ్ళు" అంది సభ.

"కాదు. ఇంధనం! ఈ నీళ్ళలో హైడ్రోజన్ ఉంది. పొగ రాదు, మసి రాదు, కర్బనం స్వల్పం. ఇన్నాళ్ళూ బయటి దేశాలనుంచి చమురు కొనుక్కుంటూ, అసలైన ఇంధనాన్ని గ్లాసులో పోసుకుని తాగేస్తున్నాం. ఎంత అమాయకులం!"

అంతసేపు మాట్లాడటంతో గొంతు ఆరిపోయి, ఆ ఇంధనంలో సగం ఆయనే తాగేశారు. సభ చప్పట్లు కొట్టింది.

ఆ సాయంత్రమే 'జాతీయ స్వల్ప కర్బన హైడ్రోజన్ పరిశోధన సహకార మిషన్' పుట్టింది. పేరు ఎంత ఘనంగా కుదిరిందంటే, బోర్డు రాసే పెయింటర్ గోడ చాలక మూల తిరిగి పక్క గోడ మీద పూర్తిచేశాడు.

"సహకారం అంటే ఏం చేస్తారండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"అందరూ కలిసి చేస్తాం" అన్నారు మంత్రిగారు.

"ఏం చేస్తారు?"

"ముందు సంతకాలు."

మాట తప్పే మనిషి కాదాయన. చేపలు ఉండేది నీళ్ళలోనే కాబట్టి మత్స్య శాఖతో ఒప్పందం కుదిరింది. ఆక్సిజన్ ఎక్కువగా పీల్చేది ఆటగాళ్ళే కాబట్టి క్రీడల సంఘంతో ఇంకోటి. సంగీత అకాడమీతో ఎందుకు కుదిరిందో తెలియదు గానీ, ఆ అకాడమీ అధ్యక్షుడు మంత్రిగారి తోడల్లుడు. ప్రతి ఒప్పందమూ బంగారు అంచు ఉన్న దళసరి కాగితం మీద అచ్చయి, ఎర్ర అట్టలో వచ్చేది. ఇరుపక్షాలూ పూర్తిగా సహకరించుకోవాలని అన్నిటిలోనూ ఉండేది. దేనికి సహకరించుకోవాలనే చోటు మాత్రం, తరవాత తీరిగ్గా నింపుకోవచ్చని ఖాళీగా వదిలారు.

ఇంత పెద్ద మిషన్లో హైడ్రోజన్ అనేదాన్ని నిజంగా తయారుచేసే మనిషి ఒక్కతే. ఆవిడ మా అక్క, డాక్టరేట్ చేసిన శాస్త్రవేత్త. అక్క అని గొప్పలు పోవడం లేదు. మిగతావాళ్ళంతా మీటింగుల్లో ఉండేవారు, అందుకని.

అక్క పనిచేసే ప్రభుత్వ పరిశోధన సంస్థలో వెనక వైపు గదిలో బీరువా అంత యంత్రం ఉంది. కప్పు మీద పరిచిన సోలార్ పలకల కరెంటుతో అది నీళ్ళను విడగొడుతుంది. ఒక గొట్టంలోంచి హైడ్రోజన్ వస్తుంది, ఇంకో గొట్టంలోంచి ఆక్సిజన్. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి, పనిచేసే వయసంతా దానికే ధారపోసింది మా అక్క. బావ స్కూటర్‌లోంచి పీకిన గొట్టాలు కూడా అందులో ఉన్నాయి. బావ అప్పటినుంచి స్కూలుకి బస్సులో వెళుతున్నాడు. ఆయన డ్రాయింగ్ మాస్టారు. ఇంట్లో వంట ఆయనదే. అక్క వంటింట్లోకి వస్తే కూరకి కూడా కొలతలు రాసి, ఫలితం రేపు చెబుతానంటుందని ఆయన ఫిర్యాదు.

వాళ్ళ క్వార్టర్స్ వంటింటికీ ఆ యంత్రం ఉన్న గదికీ మధ్య ఒకటే గోడ, ఒకటే తలుపు. కథకి ఇది అవసరం కాబట్టి చెబుతున్నాను.

మిషన్ ఇలా ముందుకు పోతుండగా మంత్రిగారు పొరుగుదేశం వెళ్ళొచ్చారు. వాళ్ళకీ ఇలాంటి మిషనే ఉంది. వస్తూ వస్తూ ఒక ఫొటో పటం కట్టించుకుని తెచ్చారు. అందులో పాలరాతి దిమ్మె మీద మనిషెత్తు పసుపుపచ్చటి మంట. పక్కన ఆ దేశపు మంత్రి చిరునవ్వు.

"చూశారా వాళ్ళ హైడ్రోజన్ జ్వాల! మనకీ ఒకటి ఉండాలి. వచ్చే నెల వాళ్ళు మన దేశానికి వస్తున్నారు, పరిశోధన సహకార ఒప్పందానికి. ఈలోగా వెలగాలి" అన్నారు.

సంస్థ ఆవరణలో మండపం కట్టారు. అక్క గదినుంచి మండపందాకా సన్న గొట్టం వేశారు. మంత్రిగారి చేతులమీదుగా వెలిగించడానికి మిట్టమధ్యాహ్నం ముహూర్తం పెట్టారు, ఫొటోలకి వెలుతురు బాగుంటుందని. ఆ సలహా నాదే.

మంత్రిగారు మీట నొక్కారు. టప్పుమని చిన్న చప్పుడు. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. ఇత్తడి గొట్టం తళతళలాడుతోంది. దాని మీద ఆకాశం ఉంది.

"ఏం డాక్టరమ్మా, వెలగలేదేం?"

"వెలిగింది సార్."

"ఎక్కడ?"

"మీ ముందే సార్. చెయ్యి దగ్గరికి పెట్టకండి, కాలుతుంది."

మంత్రిగారు అటు వంగారు, ఇటు వంగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"నాకేం కనపడటం లేదే!"

"హైడ్రోజన్ మంట పగటి వెలుతురులో కనపడదు సార్. మసి ఉంటేనే మంటకి పసుపు రంగు వస్తుంది. దీనికి మసి లేదు, పొగ లేదు. దీని మంచితనమే అది."

"కనపడని మంచితనాన్ని ప్రజలకి ఎలా చూపించనమ్మా?"

రాజకీయాల్లోకి వచ్చిన ముప్పై ఏళ్ళుగా ఆయన ఆలోచిస్తున్న ప్రశ్న అది.

చేసేదేం లేక మంత్రిగారు చేతులు జోడించి గొట్టానికి ఒక నమస్కారం పెట్టారు. నేను క్లిక్కుమనిపించాను. మర్నాడు ప్రతిపక్ష పత్రిక మొదటి పేజీలో అదే ఫొటో, 'ఖాళీ గొట్టానికి అమాత్యుని అభివాదం' అనే శీర్షికతో.

నన్ను పిలిపించారు.

"ఈ ఫొటో తీసింది నువ్వేనా?"

"అవును సార్."

"అందులో మంట ఎందుకు రాలేదు?"

"కెమెరాకి కూడా కనపడలేదు సార్."

"కెమెరా ఏ దేశందయ్యా?" అని అనుమానంగా చూశారు. ఏ కోణంలోంచైనా ఆలోచించగలరు. ఆయనలో నాకు నచ్చేది అదే.

సమీక్షా సమావేశం పెట్టారు. మంటను కనపడేలా చెయ్యడం ఎలా అన్నదే విషయం. నాటకాల్లో వాడే ఉపాయం ఒకటి సాంస్కృతిక శాఖ వాళ్ళు చెప్పారు. కింద ఫ్యాను పెట్టి, దాని మీద పసుపురంగు గుడ్డపేలికలు కట్టాలట. గుడ్డ జౌళి శాఖది, ఫ్యాను విద్యుత్ శాఖది, మంట మనది, మూడు శాఖల సహకారం అవుతుందని మంత్రిగారి మొహం వికసించింది. గాలొస్తే పేలికలు అంటుకుంటాయేమోనని ఎవరో అన్నారు. నిజం మంటతో ప్రమాదం అని దాన్ని వదిలేశారు.

అప్పుడు అక్క లేచింది.

"సార్, చిటికెడు ఉప్పు చల్లితే చాలు. పసుపు రంగు వస్తుంది. ఖర్చు కూడా లేదు."

మంత్రిగారి కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. సన్నగా, చురుగ్గా, ఎప్పుడూ చంకలో ఎర్ర అట్టతో ఉండే మనిషి.

"ఉప్పు ఆహార శాఖ పరిధిలోకి వస్తుందమ్మా. వాళ్ళతో మనకింకా ఒప్పందం లేదు. పొరుగుదేశం వాళ్ళు వచ్చేలోగా ఆ ఫైలు కదలదు."

"మా ఇంట్లోంచి తెస్తాను సార్, ఒక చెంచా."

"సొంత ఉప్పు ప్రభుత్వ మంటలో వెయ్యకూడదమ్మా. ఆడిట్ వాళ్ళు ఊరుకోరు."

అలా ఉప్పు ఆగిపోయింది. ఆ కార్యదర్శే చివరికి దారి చూపించాడు. ఒక ఉదయం ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని అక్కావాళ్ళ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి కిందనుంచి గ్యాస్ సిలిండర్ ఊడదీయించి, మండపం కింద పెట్టించాడు. దాన్ని మండపం గొట్టానికి తగిలించి, మీద తివాచీ కప్పించాడు.

"సొంత ఉప్పు కూడదన్నారు, సొంత సిలిండర్ పరవాలేదా?" అని అడిగింది అక్క.

"ఇది తాత్కాలికం అమ్మా" అన్నాడతను. తాత్కాలికం అన్న మాటతో ఆడిట్ వాళ్ళు కూడా నోరు మూసుకుంటారట.

మంట లేచింది. మనిషెత్తు, పసుపుపచ్చగా, చివర కాస్త నల్లగా రెపరెపలాడుతూ. దాన్ని చూసి మంత్రిగారికి కళ్ళు చెమర్చాయి.

"ఇదమ్మా హైడ్రోజన్ అంటే!"

"సార్, అది హైడ్రోజన్ కాదు. వంట గ్యాసు."

"నీ వినయం నాకు తెలుసులే డాక్టరమ్మా" అన్నారు, ఆప్యాయంగా.

జాతీయ జ్వాలను చూడటానికి జనం పిల్లాపాపలతో వచ్చేవారు. మండపం లోకప్పు నల్లబడుతుంటే ఒక పెయింటర్ రోజూ తెల్ల సున్నం వేసేవాడు. కాబట్టి కర్బనం ఎప్పుడు చూసినా స్వల్పంగానే ఉండేది.

ఇవతల బావకి పూట గడవడం కష్టమైంది. సిలిండర్ జాతికి అంకితమైపోయింది, పొయ్యి మీదికి గుడ్డు కూడా ఎక్కడం లేదు. అక్క ఒక్క క్షణం ఆలోచించి, మధ్య తలుపు తీసి, తన యంత్రానికి చిన్న ఇత్తడి బర్నరు తగిలించి, దాని మీద ఇనప స్టాండు పెట్టింది.

"వండుకోండి."

బావ స్టాండు కిందికి తొంగిచూశాడు.

"ఏదీ? మంటేదీ? మంత్రిగారికి చెప్పిన కథ నాకూ చెబుతున్నావా?" అంటూ వేలు పెట్టాడు. కెవ్వున అరిచి, వేలు నోట్లో పెట్టుకుని, గదంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు.

"ఉందే!" అన్నాడు.

"వేలు కాలేదాకా ఇంట్లోవాళ్ళకే నమ్మకం లేదు. ఇక దేశాన్ని ఏమనుకోను?" అంది అక్క. నవ్వుతూనే అంది గానీ నాకు మనసు చివుక్కుమంది.

ఆ రోజునుంచి దేశం మొత్తంలో స్వల్ప కర్బన జీవితం గడుపుతున్న పౌరుడు మా బావ ఒక్కడే. జాతీయ హైడ్రోజన్ జ్వాల వంట గ్యాసుతో వెలుగుతోంది, మా బావ వంట హైడ్రోజన్‌తో ఉడుకుతోంది. గిన్నె అడుగున మసి లేదని, తోముకునే పని సగం తగ్గిందని ఆయన అందరికీ చెప్పేవాడు. మిషన్ సాధించిన ఫలితాల గురించి నేను విన్న మొదటి నివేదిక అదే.

పొరుగుదేశం వాళ్ళు రావడానికి వారం ముందు మంత్రిగారు సంస్థంతా తిరిగి చూశారు. అక్క గదిలో ఆగారు.

"ఇదేమిటి?"

"హైడ్రోజన్ యంత్రం సార్."

"మండపంలో అంత బ్రహ్మాండమైన మంట ఉండగా మళ్ళీ ఇది ఎందుకు? ఏవయ్యా, ఒప్పందం అయిన మర్నాడే దీన్ని తుక్కుకి పంపించెయ్. ఈ గదిలో మన ఒప్పందాలన్నీ అద్దాల్లో పెట్టి గ్యాలరీ చేద్దాం. వచ్చిన అతిథులకి చూపించొచ్చు."

కార్యదర్శి రాసుకున్నాడు. లారీ మాట్లాడాడు. ఆ మధ్యాహ్నమే ఒప్పందాలు నింపిన అట్టపెట్టెలు వచ్చి గదిలో దిగాయి. గోడ పొడుగునా, బల్ల మీద, కుర్చీల మీద, ఆఖరికి బావ గిన్నెలు పెట్టుకునే చోట కూడా.

వాళ్ళు వెళ్ళాక అక్క యంత్రం మీద చెయ్యేసి నిలబడింది. వేడి చూస్తోందేమో అనుకున్నాను. కాదు.

"ఒరేయ్ తమ్ముడూ, ఇది పనిచెయ్యకపోతే తుక్కుకి పంపినా బాధ ఉండేది కాదురా. పనిచేస్తోంది. అదేరా నా ఏడుపు" అంది.

నాకూ ఏడుపొచ్చింది. కెమెరా సంచీ సర్దుకున్నాను.

ఒప్పందం రోజు వచ్చింది. మండపం ముందు రెండు దేశాల మంత్రులూ కూర్చుని, ఎర్ర అట్టలో ఉన్న బంగారు అంచు కాగితాల మీద సంతకాలు చేశారు. వెనక జ్వాల రెపరెపలాడింది. ఇద్దరూ ఒకరి జ్వాలను ఇంకొకరు మెచ్చుకున్నారు.

వాళ్ళ వెంట ఒక పెద్దాయన వచ్చాడు. ఆ దేశపు హైడ్రోజన్ శాస్త్రవేత్త. నెరిసిన గడ్డం, బటన్లు తప్పుగా పెట్టుకున్న కోటు. ఉపన్యాసాలు జరుగుతున్నంతసేపూ ఆయన జ్వాల చివర ఉన్న నలుపునే చూస్తున్నాడు. రెండుసార్లు గాలి పీల్చాడు. తరవాత మెల్లగా జరిగి అక్క పక్కకి వచ్చి, ఎవరికీ వినపడకుండా ఇంగ్లీషులో అడిగాడు. తెలుగులో చెబుతున్నాను.

"ఏం అనుకోకండమ్మా. మీరు ఏ కంపెనీ సిలిండర్ వాడతారు? మాది ఊరికే అయిపోతోంది."

అక్క ఆయన మొహంలోకి చూసింది.

"మరి మీ యంత్రం?" అంది.

"ఉందమ్మా. టార్పాలిన్ కప్పి పెట్టారు. మీది?"

"రేపు తుక్కుకి వెళుతోంది. చూస్తారా?"

ఇద్దరూ వెనక గదికి నడిచారు. నేనూ వెళ్ళాను. మంత్రులిద్దరి ఫొటోలు అప్పటికే సరిపడా ఉన్నాయి.

గదిలో బావ అట్టపెట్టెల మధ్య నిలబడి టీ కాస్తున్నాడు. కెటిల్ ముక్కులోంచి ఆవిరి వస్తోంది. కెటిల్ కింద ఏమీ లేదు. పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. తరవాత గబగబా వచ్చి, వంగి, ఏమీ లేనిచోటికి తదేకంగా చూసి, రెండు అరచేతులూ దూరంగా చాపి వేడి కాచుకున్నాడు.

"వెలుగుతోంది!" అన్నాడు. "ఎన్నాళ్ళయిందో చూసి!"

బావ ఆయనకి కప్పు అందించాడు. తన కాలిన వేలు కూడా చూపించాడు. పెద్దాయన దాన్ని సర్టిఫికెట్ చూసినట్టు చూశాడు. తరవాత ఆయనా అక్కా యంత్రం దగ్గర నేల మీదే చతికిలబడ్డారు. వాళ్ళ దగ్గర వాయువు తేమగా వస్తుందట, అక్క అది ఎలా ఆరబెడుతుందో చూపించింది. అక్కకి ఒక వాల్వు ఏళ్ళుగా కారుతోంది, ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి ఒక అట్టపెట్టె మీద బొమ్మ గీసి ఇచ్చాడు. టీ చల్లారేలోగా ఇద్దరి సమస్యలూ తీరిపోయాయి. దీన్ని ఫొటో తియ్యాలా వద్దా అని నేను తటపటాయించాను. సంతకాలేమీ జరగడం లేదు మరి.

అంతలో కార్యదర్శి ఊడిపడ్డాడు. చంకలో ఎర్ర అట్ట, అప్పుడే సంతకమైన ఒప్పందం.

"ఇక్కడున్నారా? మంత్రులు ఇద్దరూ గ్యాలరీ పెట్టబోయే గది చూడ్డానికి వస్తున్నారు! ఈ కప్పులేంటి, ఈ కెటిల్ ఏంటి? తియ్యండి, తియ్యండి!"

బావ కంగారుగా కెటిల్ ఎత్తేశాడు. కార్యదర్శి చేతిలో ఉన్న ఒప్పందం పెట్టడానికి చోటు కోసం వెతికాడు. బల్ల నిండా పెట్టెలు, కుర్చీల నిండా పెట్టెలు. ఖాళీగా ఉన్నది ఇనప స్టాండు ఒక్కటే.

"అక్కడ పెట్టకండి! మంట ఉంది!" అని అరిచింది అక్క.

"ఎక్కడమ్మా?" అన్నాడతను విసుగ్గా. "మా సార్ కూడా అదే అడుగుతున్నారు ఇన్నాళ్ళూ." పెట్టేశాడు.

ఎర్ర అట్ట ఒక్క క్షణం ఆలోచించినట్టు ఊరుకుంది. తరవాత భగ్గుమంది. మనిషెత్తు మంట లేచింది. మండపంలో మంటకన్నా పచ్చగా, మరింత జోరుగా. బంగారు అంచు చిటపటలాడింది. సరిగ్గా అప్పుడే మంత్రులు ఇద్దరూ గుమ్మంలో అడుగుపెట్టారు.

మన మంత్రిగారు నోరు తెరిచి నిలబడ్డారు.

"ఇది... ఈ యంత్రమేనా డాక్టరమ్మా?"

"అవును సార్, ఇదే" అంది అక్క. అందులో అబద్ధం లేదు.

"ఇంత బాగా వెలుగుతుంటే నాకు ముందే చెప్పలేదేం? మండపంలోది దీని ముందు ఏపాటి! ఏయ్ ఫొటోగ్రాఫర్, తియ్యవయ్యా!"

తీశాను. ఇద్దరు మంత్రులూ మంటకి చెరో పక్క నిలబడి చేతులు కలిపారు. మూడో ఫొటో తీస్తుండగా మంట కుంగింది. కాగితం బూడిదైంది. పసుపు రంగు పోయింది. స్టాండు మీద ఏమీ లేదు.

"అయ్యో, ఆరిపోయిందే!"

"ఆరలేదు సార్. వెలుగుతూనే ఉంది" అంది అక్క.

మంత్రిగారు ఆమె వైపు చూడలేదు. స్టాండు వైపు చూశారు. కార్యదర్శి ఖాళీ చేతుల వైపు చూశారు. గోడ పొడుగునా ఉన్న అట్టపెట్టెల వైపు చూశారు. ఆయన బుర్ర పనిచెయ్యడం అంత దగ్గరనుంచి నేను చూడటం అదే మొదటిసారి.

"పైన ఉన్న పెట్టెలో ఏవున్నాయి?"

"మత్స్య శాఖతో ఒప్పందం సార్."

"పట్రా."

అది బాగానే వెలిగింది. క్రీడల సంఘానిది ఇంకా బాగా వెలిగింది. సంగీత అకాడమీది అట్ట మందం కాబట్టి చాలాసేపు వచ్చింది. అక్క వాల్వు కొంచెం తిప్పి మంట పెంచింది. పెద్దాయన గడ్డం కింద నవ్వు దాచుకున్నాడు.

"సార్" అన్నాడు కార్యదర్శి, చెవి దగ్గర చేరి. "రేపు తుక్కు లారీ వస్తుంది. వద్దని చెప్పమంటారా?"

"ఎందుకయ్యా వద్దనడం, రానీ. సచివాలయంలో మిగిలిన ఒప్పందాలన్నీ అందులో ఎక్కించి ఇక్కడికి పట్రా. కొత్తవి కూడా రాయించడం మొదలుపెట్టు."

పొరుగుదేశపు మంత్రి ఇదంతా మంట వెలుగులో శ్రద్ధగా గమనించారు. తరవాత తన కార్యదర్శిని పక్కకి పిలిచి, తమ దగ్గర ఎన్ని ఒప్పందాలు ఉన్నాయో తమ దేశానికి ఫోన్ చేసి కనుక్కోమన్నారు.